మామిడిపల్లి మడిలో బోడసరం

మా కాలనీ సంఘం కార్యదర్శి మొన్న వాట్సాప్ బృందంలో ఒక తీర్పు వెలువరించారు: శంషాబాద్ పరిసరాలలో చూడదగిన పువ్వంటూ ఉంటే అది విమానాశ్రయం దారిలో నర్సరీవారు నాటినదేనట, తక్కినదంతా పిచ్చిమొక్కట. ముప్పై ఏళ్లకు పైగా పాఠం చెప్పినవాణ్ణి. అటువంటి వాక్యాన్ని దిద్దకుండా వదలలేను. మరునాడే, ఫిబ్రవరి ఎండ ముదరకముందు, ఎనిమిదింటికి బోడసరం చూడడానికి బయలుదేరాను. పొద్దుతిరుగుడు కుటుంబానికి చెందిన మన నేల మొక్క ఇది. వరికోతల తరువాత ఆరుతున్న మడిలో మొలిచి, ఊదారంగు గుండ్రని పూలు పూసి, గింజ రాల్చి, ఆ ఏడే చనిపోతుంది.

శంషాబాద్ బస్టాండు నుంచి మామిడిపల్లికి ఆటో కిరాయి మూడువందలు.

"పువ్వు కోసం గింత దూరమా సారూ? బాలాపూర్ లడ్డూ కోసమంటే అర్థమున్నది" అన్నాడు ఆటో డ్రైవరు.

"లడ్డూను వేలంలో కొనేవారున్నారు. దీనికి ఎవరూ లేరు; అందుకే వెళ్తున్నాను" అన్నాను.

ఊళ్లో అడిగితే దారి చూపించారు. కొత్త ప్లాట్ల హద్దురాళ్ల నడుమ ఒక మడి, అందులో ఒక మూల మాత్రం ఊదాగా ఉంది. మడి యజమానురాలు యాదమ్మ గట్టుమీద నిలబడి ట్రాక్టరు డ్రైవరుతో వాదిస్తోంది. నువ్వులు చల్లడానికి దున్నమని ఆమె మరిది అతణ్ణి పంపాడు.

"మిగిలిందంతా దున్నుకో. గా మూల ముట్టకు. గింజ ఇంక రాలలే."

"గడ్డి కోసం గింత పరేషానేంది అక్కా? ఏం పనికొస్తది?"

"నువ్వేం పనికొస్తవని మీ అవ్వ అడిగి కన్నదా?"

ఇప్పుడు దున్నితే వచ్చే ఏడు అక్కడ బోడసరం మొలవదు. డ్రైవరు వినకుండా నాగళ్లు దించాడు. యాదమ్మ వెళ్లి పూల ముందు కూర్చుంది. నేనూ ఇస్త్రీ ప్యాంటుతోనే వెళ్లి ఆమె పక్కన మట్టిలో కూర్చున్నాను.

"నువ్వెవలు బాపూ?"

"పువ్వు చూడడానికి వచ్చానమ్మా."

"చూడు మరి. ఇగ లేవకు."

డ్రైవరు కాసేపు హారను మోగించి, ఆమె మరిదికి ఫోన్ చేశాడు. "ఈడ ఎవలో ముసలి సారు గూడ కూసున్నడన్నా... లేదు, లేస్తలేడు." చివరికి ఆ మూలను వదిలి, వంపు తిరిగి మిగతా మడి దున్నాడు. నాగటి చాలు వంకరపోయిందని గొణుగుతూనే ఉన్నాడు.

బోడసరం ఎందుకు పనికొస్తుందో ఎవరికీ రుజువు చేయదలచుకోలేదు. ఈ ప్లాట్లకన్నా, ఆ రన్‌వేకన్నా ముందునుంచీ అది ఇక్కడ పూస్తోంది. సంజాయిషీ ఇవ్వవలసినది దున్నేవారు. వెళ్లదలచినవారికి ఒకటే సూచన: అక్కడ తిరుగు ఆటో దొరకదు, తెచ్చిన ఆటోనే ఆపి ఉంచుకోండి. మడిలో ట్రాక్టరు కనిపిస్తే మాత్రం ఆటోను పంపించివేయండి, కూర్చోవలసి రావచ్చు.