నాకు నెత్తురు, ఆమెకు కార్జం

పొద్దుగాల సారు పోయిండని నాకు ఫోన్ చేసింది ఆమెనే. అబద్ధమెందుకు, మొదలు నాకు ఏడుపు రాలే, కడుపు మండింది. గీ కబురు సుత ఆమెకే ముందుగాల తెల్వాల్నా?

ఆమె అంటే నాతోని సారు దగ్గర చదువుకున్న కోస్తా పిల్ల. మాది పాల్మాకుల. శంషాబాద్ దగ్గర పశువుల మేత మీద పరిశోధన చేసే చిన్న ల్యాబ్‌కు సారు పెద్ద. పచ్చగడ్డిల ఉన్న రంగు జీవి ఒంట్ల పడ్డంక విటమిన్ ఎ ఎట్లయితది, ఏడికి పోతది, ఏడ దాగుంటది అని బతుకంత గా తొవ్వనే పట్టుకొని పోయిండు.

వెలుతురు తగిలితే గా విటమిన్ ఖరాబైతది. అందుకని పట్టపగలు సుత పర్దాలేసి, మసక పసుపు బల్బు కిందనే మా పని. నెత్తి మీదికెళ్లి విమానం పోతే సారు మాట నడిమిట్లనే ఆపేటోడు. చప్పుడు పోయినంక ఆపిన కాడికెళ్లే మల్ల షురూ. మాకు నవ్వు ఆగకపోయేది.

ఒకపారి మా ఇంటికొచ్చి, కొట్టంల నిలవడి మా అమ్మకు పాఠం చెప్పిండు.

"అమ్మా, బర్రె గడ్డిల రంగును దాదాపు మొత్తం పేగు గోడలల్లనే విటమిన్ చేసుకుంటది. అందుకే పాలు తెల్లగుంటయి. ఆవు జర రంగును అట్లనే పాలల్లకు ఇడుస్తది. అందుకే ఆవునెయ్యి పసుపుగుంటది."

"ఇన్నేండ్ల సంది బర్లను సాదుతున్న, గిది ఎవ్వలు చెప్పలే సారూ" అన్నది అమ్మ. ఆ పొద్దంత నేను గాలిల తేలిన. సారు ఇగ నావోడే అనుకున్న.

తర్వాత గొర్రెల ఒంట్ల విటమిన్ ఏడ ఎంతున్నదో చూసే పని పంచిండు. నాకు నెత్తురిచ్చిండు, ఆమెకు కార్జమిచ్చిండు. మేతకెళ్లి వచ్చిన విటమిన్ పేగుల కొవ్వుతోని కలిసి పోయి, కార్జంలనే ఎక్కువ జమైతది. కన్నుకు, చర్మానికి, కడుపుల పిల్లకు ఎంత గావాల్నో గంత ఆడికెళ్లే పోతది. అంటే అసలు కథంత కార్జం కాడనే. నేనూకోలే, అడిగిన. "నాకెందుకియ్యలే సార్?"

"నెత్తురు చూసుడు చిన్న పనా ఏంది? కార్జం ఖాళీ అయ్యేదాంక నెత్తురు బాగనే కనవడ్తది బిడ్డా. గది చూడాలంటే ఓపిక గావాలె."

ఓపికంట ఓపిక! నా లెక్క రోజూ ఒక్కతీరుగనే వచ్చేది. మా నడిమి పర్దా అవుతల ఆమె "సార్, ఒకసారి ఇటు చూడండి" అనంగనే సారు కుర్సీ గుంజిన చప్పుడినొచ్చేది. నేను పండ్లు కొరుక్కుంట కూసునేటోన్ని.

ఆయన నాకు తక్కువేం నేర్పలే. తెల్వనిది తెల్వదని చెప్పుడు నేర్పిండు. గొర్రెకు నీళ్లు పెట్టి, మెడ నిమిరినంకనే సూది పట్టాలని నేర్పిండు. ఇయ్యాల నేను తింటున్న బువ్వ ఆయన పెట్టిందే. ఐనా కుళ్లు కుళ్లే.

మైలార్‌దేవ్‌పల్లిల సారు ఇంటికి పోయేసరికి ఆమె ఆడనే ఉన్నది. సారుకు పిల్లల్లేరు. పాడెకు నేను ముందు భుజం పట్టిన. దీంట్లైతే ఆమెకు హిస్సా లేదనుకున్న. ఎవ్వలు వద్దన్నా ఇనకుండ ఆమె వెనకనే నడిచింది.

సగం తొవ్వల, దింపుడుకళ్లం కాడ పాడె దించిండ్రు. ఆడ చెవుల పిలుస్తరు, ప్రాణం ఏ మూలన్న ఉంటే లేస్తరని ఆశ. "దగ్గరోళ్లెవరన్న పిలువున్రి" అన్నడు సారు బామ్మర్ది.

నేను ఇంకొకరికి జాగ ఇయ్యలే. కూలవడి, చెవి కాడ నోరు పెట్టి, "సార్... సార్... సార్..." అని పిలిచిన. లేవబోతుంటే అటు దిక్కు ఆమె వంగింది.

"నాన్నా" అన్నది. ఒక్కటేపారి.

ఇన్నేండ్లల్ల గా మాట నాకెందుకు రాలే? లోపల భగ్గుమన్నది. మల్ల వంగి, ఆమె కంటె గట్టిగ "బాపూ" అన్న.

ఇగ ఇద్దరం చెరో దిక్కు కూసోని సారు మొఖమే చూస్తున్నం, ఎవరికి పలుకుతడో అని.