ఆళ్లగడ్డ యొర్దాను

ఆళ్లగడ్డలో లారీల వెనక, సోడాబండ్ల మీద అక్షరాలు రాసి ముప్పై ఏళ్లు బతికిన ఏలీయాకు, 1986లో హఠాత్తుగా తాను చిత్రకారుడినని తెలిసింది. తెలియజేసినవి నంద్యాల అంగట్లో దొరికిన ఆరు ఆక్రిలిక్ రంగు సీసాలు. కిరసనాయిలుతో పనిలేదు. నీళ్లు కలిపితే రంగు పాలలా జారుతుంది, చుట్ట కాల్చేలోగా ఆరుతుంది. ఆ గర్వంలో, చర్చిలో వేదిక వెనక గోడంతా బైబిల్లోని యొర్దాను నది గీస్తానని మాటిచ్చేశాడు.

యొర్దానును ఆయన చూసింది లేదు. చూసిందల్లా దగ్గర్లో పారే కుందేరు. అందుకని యొర్దాను ఒడ్డున తుమ్మచెట్లు మొలిచాయి, నల్లమల నెమళ్లు దిగాయి. కుడివైపు మొదలుపెట్టి ఆకు ఆకుకూ ఈనె గీశాడు. సగం గోడకే సీసాలు ఖాళీ. అంగట్లో మళ్లీ ఆ సరుకు రాలేదు. మిగిలిన సగానికి, చెంచాడు నీలంలో బిందెడు నీళ్లు కలిపి పూసి, ఇదే నది అన్నాడు.

చర్చిలో కుడివైపు మగవాళ్లు, ఎడమవైపు ఆడవాళ్లు కూర్చుంటారు. ఆదివారం ప్రసంగం సాగినంతసేపూ ఆడవాళ్ల మెడలన్నీ కుడివైపే. మగవాళ్లు, పాపం, ఆ చూపులు తమకోసమేననుకుని మీసాలు సవరించుకున్నారు.

ఆరాధన కాగానే పాస్టరు జాన్ అయ్యగారు ఏలీయాను పక్కకు పిలిచారు.

"ఏందప్పా ఇది? ఆడోళ్లంతా మగోళ్ల దిక్కే చూస్తాండారు! వచ్చే ఆదివారానికి సరిచెయ్. లేకుంటే గోడకు సున్నం కొట్టిస్తా."

ఏలీయా ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. భార్య సారమ్మ ఊరుకోలేదు.

"మా ఎదురుగా వట్టి నీళ్లు పెడితివి. నిద్రొస్తాది గదా, పక్కకు చూడక ఏం జేస్తాం?"

"రంగు యాడుంది? సీసాలన్నీ కడిగినా ఒక్క పిట్టకొస్తాది, అంతే."

"అయితే ఆ ఒక్కదాన్నీ నడిమధ్యన కూచోబెట్టు. అందురూ ఆడికే చూస్తారు."

శనివారమంతా కూర్చుని ఏలీయా ఒక లకుముకిపిట్టను గీశాడు. ఈకకు ఈక. ముక్కు కిందికి పెట్టి, చేప మీద దూకబోతున్నట్టు. చేపకు మాత్రం రంగు చాల్లేదు.

మర్నాడు అయ్యగారు ప్రసంగానికి నిలబడ్డారు. పిట్ట ముక్కుకు సరిగ్గా జానెడు కింద ఆయన బట్టతల నిగనిగలాడుతోంది. ఎప్పుడు దూకుతుందోనని అటూ ఇటూ ఒక్కరూ రెప్ప వేయలేదు. అయ్యగారు పొంగిపోయి ఇంకో అరగంట పెంచారు.

"చూసినావా ఏలీయా, ఈపొద్దు ఒక్కరన్నా పక్కకు చూల్లేదు!" అన్నారు తర్వాత, తల నిమురుకుంటూ. "అంతా వాక్యం బలమప్పా. నీ గోడదేం లేదు. సున్నం వద్దులే, ఉండనీ."

"అవునయ్యగారూ," అన్నాడు ఏలీయా, ఆయన తల వైపు చూడకుండా.