ఎర్ర బాణం

నిన్న ఆదివారం మా మేనకోడలు ఎల్‌బీ నగర్ నుంచి ల్యాప్‌టాప్ పట్టుకొచ్చి, వాళ్ళ నాన్న కంపెనీలో పాతికేళ్ళుగా ఎవరూ ముట్టని డీబగ్గర్‌ను తను సరిచేస్తున్నానని చెప్పి నా ముందు తెరిచేసరికి, దిల్‌సుఖ్‌నగర్‌లో టైలర్ షాపు పైన ఉండే మా ఇరుకు గది కళ్ళకు కట్టింది.

ఆ గదిలో మా బావ, అంటే ఈ పిల్ల తండ్రి, కోచింగ్ పెట్టి, పిల్లలు ప్రోగ్రాములు నేర్చుకునే సాఫ్ట్‌వేర్ ఒకటి మా చేత రాయించాడు. ఆయన కంప్యూటర్ పరిజ్ఞానమల్లా మానిటర్‌కు రోజూ కుంకుమ పెట్టడం వరకే. కృష్ణా జిల్లా నుంచి వెంటతెచ్చుకున్న బావమరిదిని కనుక నాకో కుర్చీ దక్కింది, అర్హత అడిగిన పాపాన ఎవరూ పోలేదు. పని తెలిసిన మనిషి ఒక్కతే, సైదాబాద్‌లో మా పక్కవాటాలో ఉండే, నేను అక్కా అని పిలిచే ఆవిడ. నల్గొండ వైపు పల్లె నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం, ఆమె జీతం మీదే ఇల్లు నడిచేది.

ఆ సాఫ్ట్‌వేర్‌లో భాగమైన ఈ డీబగ్గర్ అంటే, మన తరానికి అర్థమయ్యేలా చెప్పాలంటే, ప్రోగ్రామును ఒక్కో లైను దగ్గర ఆపి నడిపిస్తూ తప్పు ఎక్కడుందో చూపించేది. నేను రాసింది ఎంత ఘనంగా ఉండేదంటే, బటన్ రంగు మారిస్తే లోపల లెక్క తప్పేది. అక్క మూడు నెలలు కూర్చుని తెర పని తెరకు, లోపలి పని లోపలికి విడదీసి, తప్పున్న లైను దగ్గర ఎర్ర బాణం ఆగేలా చేసింది. దీన్నే ఇప్పుడు రీఫ్యాక్టరింగ్ అని గొప్పగా చెప్పుకుంటున్నారు.

ఆదివారాలు తల్లిదండ్రులను పిలిచి పిల్లల ప్రోగ్రాములు చూపించడం మా ఆనవాయితీ. ఓ వారం ఒక అమ్మాయి ప్రోగ్రాములో ఎర్ర బాణం ఆగింది. వాళ్ళ నాన్న "కంప్యూటర్ ఖరాబైందా సార్?" అని అడిగి, కూతుర్ని తీసుకెళ్ళి ఎదురు సెంటర్‌లో చేర్చాడు. మర్నాడే మా బావ హుకుం జారీ చేశాడు, ఎరుపన్నది కనపడకూడదని. తప్పు చూపడానికే పుట్టిన వస్తువు తప్పు చూపకూడదట.

"గిట్ల దాస్తే పిల్లలకేం తెలుస్తది సార్? నేనైతే చెయ్య" అంది అక్క. అయితే రేపటి నుంచి రావద్దన్నాడు. ఆ పని నేను పది నిమిషాల్లో చేసిపెట్టాను. తప్పు రాగానే బాణం పచ్చగా మారి కింది లైనుకు జారుకునేలా మూడంటే మూడు లైన్లు. ఆ ఊపులో ఫైలు పైన, రాసినవాళ్ళ పేరుండే చోట, అక్క పేరు తీసేసి నా పేరు పెట్టాను. అది ఎవరూ చెప్పలేదు, పూర్తిగా నా సొంత తెలివి. అక్క టిఫిన్ డబ్బా సర్దుకుంటూ "నువ్వన్న ఒక్క మాట చెప్తే అయిపోవు గద తమ్మీ" అంది. నెల తిరక్కుండా వాళ్ళు వాటా ఖాళీ చేశారు. ఎక్కడికని నేను అడగలేదు.

మేనకోడలు ఆ మూడు లైన్లూ చూసి, ఏ దద్దమ్మ రాశాడోనని నవ్వుకుంటూ కొట్టేసింది. ప్రోగ్రాము నడిపితే, ఇన్నేళ్ళ తర్వాత ఎర్ర బాణం ఆగవలసిన చోట ఆగింది. పైన నా పేరు చూసి, "మిగతాదంతా ఎంత శుభ్రంగా రాశావు మావయ్యా, నేను ముట్టుకోవాల్సిన పనే లేదు" అంది.

టైలర్ షాపు పోయింది, మెట్రో వచ్చింది, బావ ఎల్‌బీ నగర్‌లో నాలుగంతస్తులు కట్టాడు, ఎరుపును చూసి బెదిరే తల్లిదండ్రులూ ఇప్పుడు లేరు. అది అక్క రాసిందని చెప్పడానికి ఒక్క మాట చాలు. కాఫీ తాగుతావా అని అడిగి, వంటింట్లోకి వెళ్ళిపోయాను.