నర్సమ్మ మూయని తోవ

దయ్యాల సంగతి ఎత్తితే మా ఇంట్లో అందరికంటే ముందు నవ్వేది నేనే. శవాల గది పక్కన కూర్చుని అన్నం తిన్నదాన్ని. ఇప్పటికీ దయ్యాలున్నాయని ఎవరైనా వాదిస్తే ఒప్పుకోను. కానీ ఈ ఒక్క విషయం నాకు మింగుడుపడదు.

మైసూరు రాష్ట్రం కర్ణాటకగా మారిన కొత్తలో బీదర్‌లో ఆరోగ్య శిక్షణలో ఉన్నాను. పల్లెల్లో ఆడవాళ్లతో కాన్పుల గురించి మాట్లాడి, వాళ్ల మాట వాళ్ల నోటనే పట్టుకురావడం మాకు కొత్త పాఠం. ఒక పెద్ద డాక్టరు కన్నడంలో చెప్పేవారు. ప్రశ్న అడిగి ఊరుకోవాలి, మనకు కావలసిన జవాబు వాళ్ల నోట్లో కుక్కకూడదు, వాళ్లు ఆగితే మనమూ ఆగాలి అనేవారు. ఆయనంటే నాకు ఎంతో గురి.

నాకు తెలుగు వచ్చని టేపు రికార్డరు ఇచ్చి, తెలుగు మాట్లాడే చింతకి అనే ఊరి వైపు ఒక పల్లెకు పంపారు. అక్కడ నర్సమ్మ అనే ఆడ రైతు ఉంది; ఆమె కూతురు లక్ష్మి నిండు నెలలతో చనిపోయింది. గదిలో నేను, నర్సమ్మ, ఆ యంత్రం, అంతే.

పండుగ పూట ఆసుపత్రిలో డాక్టరు లేడంటే నొప్పులు పడుతున్న కూతుర్ని ఆయన ఇంటికే తీసుకుపోయారట. లోపల చుట్టాల నవ్వులు వినబడుతున్నాయి, తలుపు మాత్రం తీయలేదు. లక్ష్మే పిడికిలితో బాదింది. ఆ గడప ముందే ప్రాణం పోయింది.

కడుపుతో పోయిన ఆడదాన్ని సాగనంపి వచ్చేటప్పుడు మా వైపు తోవ పొడుగునా ఆవాలు చల్లుతారు. ఆమె ఆత్మ అవి ఏరుకుంటూ ఉండిపోతుందని, ఇంటికి తిరిగి రాదని నమ్మకం. నర్సమ్మ చల్లనివ్వలేదు.

“నేనే వద్దన్న బిడ్డా. తొవ్వ ఖుల్లా ఉంచిన. అది పోవాల్సిన ఇల్లొకటుంది,” అంది.

తర్వాత ఆ డాక్టరు పేరు చెప్పింది. మాకు పాఠం చెప్పే ఆయన పేరే.

ఒళ్లు మండిపోయింది. ఆ టేపును క్లాసులో ఆయన ముందే పెట్టాను, కావాలనే. తన పేరు రాగానే ఆయన యంత్రం ఆపేశారు. ఇవి ఊరి పుకార్లు, పనికిరావన్నారు. మర్నాడు అదే టేపు మీద తన పాఠం రికార్డు చేశారు. నర్సమ్మ మాట పోయింది. కోపంతో ఏడ్చాను.

కొత్తగా వచ్చిన పిల్లలకు ఆ పాఠం వినిపించిన రోజు నేనూ ఉన్నాను. మధ్యాహ్నం, కిటికీలన్నీ తెరిచే ఉన్నాయి. జవాబు వచ్చేదాకా ఆగండి అని టేపులో ఆయన గొంతు చెప్పి ఆగింది. ఆ ఖాళీలో ధబధబమని తలుపు బాదిన చప్పుడు. వెంటనే ఒక పడుచు గొంతు తెలుగులో, “తలుపు తియ్యుండ్రి సారూ, నొప్పులొస్తున్నయి.”

తెలుగు రానివాళ్లు ఆమె ఏమంటోందని నన్ను అడిగారు. నేను యంత్రం పక్కనే నిలబడ్డ ఆయన మొహమే చూస్తున్నాను.

పాత మాట పూర్తిగా చెరగలేదేమో అని ఎన్నోసార్లు సర్దిచెప్పుకున్నాను. కానీ నర్సమ్మది బొంగురు గొంతు. ఆమె చెబుతుండగా ఎవరూ తలుపు కొట్టలేదు.

అప్పటి నుంచి ఆయన ఏ గదిలోనూ తలుపు వేయనిచ్చేవారు కాదు. వేస్తే ఎవరో కొడుతున్నారంటూ ఉలిక్కిపడి లేచేవారు. వాన జల్లు బల్ల మీదికి కొట్టినా తెరిచే ఉండాలి. జాలిపడాల్సింది, పడలేదు. నా కడుపు చల్లబడింది.

శిక్షణ అయిపోయాక నర్సమ్మ దగ్గరికి పోయి ఇదంతా చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు. ఇప్పటికైనా ఆవాలు చల్లించమన్నాను.

“ఆయన ఉన్నన్ని దినాలు సల్లనియ్య బిడ్డా,” అని శనగలు చెరగడంలో పడిపోయింది.

ఆ గొంతు టేపులోకి ఎలా వచ్చిందో నాకు ఈనాటికీ తెలియదు. ఆవాల మాట మాత్రం ఆమె దగ్గర మళ్లీ ఎత్తలేదు.