తడవని దుప్పట్లు

సగం గ్లాసు నీళ్లు. ఇన్నేళ్లుగా నేను మోసిన బరువు అంతే. మొన్న గోనెగండ్ల వెళ్లి దాన్ని దించి వచ్చాను. ఇంటికి రాగానే ఆకలేసింది. అన్నం తిని ఒళ్లు తెలియకుండా నిద్రపోయాను. ఇప్పుడు మీతో కూడా చెప్పేస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియాల్సిన పనిలేదు. మొహం చూసి చెప్పడం ఒకసారి అయింది. రెండోసారికి నాకు ఓపిక లేదు.

నేను ఆదోనిలో నర్సుగా చేసి రిటైరయ్యాను. చుట్టుపక్కల వృద్ధాశ్రమాలకు సాయం చేసే ఒక సంస్థవాళ్లు, ముసలివాళ్లను ఎక్కడ బాగా చూసుకుంటున్నారో, ఎక్కడ లేదో చూసి చెప్పమని నన్ను పెట్టుకున్నారు. నాకు ఆ పని ఇష్టం. అబద్ధమెందుకు, పెత్తనం ఇష్టం. నేను వచ్చానంటే ఆయాలు కొంగులు సర్దుకునేవాళ్లు. నాదొక పద్ధతి ఉండేది. ఎవరినీ ఏమీ అడగకముందే గుమ్మంలో నిలబడి గట్టిగా గాలి పీల్చేదాన్ని. ఉచ్చ వాసన వచ్చిందంటే ఆ ఆశ్రమం పని అయిపోయినట్టే. తర్వాత మంచం మంచానికీ వెళ్లి దుప్పటి కింద చెయ్యి పెట్టేదాన్ని. తడి తగిలిందా, ఇక చూసుకోండి నా నోరు! పెద్ద సిస్టరమ్మ ముక్కు నుంచి ఏదీ తప్పించుకోలేదని నా వెనక చెప్పుకునేవాళ్లు. ఆ మాట చెవినపడితే లోపల్లోపల ఎంత పొంగిపోయేదాన్నో.

ఎమ్మిగనూరులో సరోజ అనే ఆమె నడిపే ఆశ్రమానికి శివరాత్రి దాటాక ఒకరోజు మధ్యాహ్నంపైన వెళ్లాను. మా వైపు అప్పటికే ఎండ మాడ్చేస్తూ ఉంటుంది. గుమ్మంలో గాలి పీల్చాను. సబ్బు వాసన తప్ప ఇంకే వాసనా లేదు. మంచాల మీద ఆ ఊరి మగ్గాల మీద నేసిన తెల్ల దుప్పట్లు. చెయ్యి పెట్టి చూశాను. పొడి. లేవలేనివాళ్ల మంచాలు కూడా పొడి. నాకు ఎంత సంతోషమేసిందంటే, ఆయాలూ ముసలివాళ్లూ అందరూ వినేలా, "ఇట్లాంటి ఆశ్రమం నేను యాడా చూడలేదు, మిగతావాళ్లు ఈడికొచ్చి నేర్చుకోవల్ల" అనేశాను. సరోజ కళ్లు చెమర్చాయి.

ఆ మాట కాసేపు ఆగి అని ఉంటే? ఎన్నిసార్లు అనుకున్నానో. ఆగడం నాకెప్పుడు చేతనైంది కనక.

చివరి మంచం సుంకమ్మది. నడుము పడిపోయి లేవలేని మనిషి. నన్ను చూడగానే మొహం విప్పారింది.

"ఏం పాపా, ఇంత ఎండలో పడొచ్చినావు. నీళ్లు తాగు."

"వద్దవ్వా, ఇప్పుడే తాగినా."

"అట్లనగూడదు పాపా. మా కాడికొచ్చినోళ్లు నీళ్లు తాగకుండా పోతారా యాడన్నా? తెమ్మని సెప్పు."

మా వైపు ఎవరింటికి ఎవరొచ్చినా ముందు నీళ్లిస్తారు. పడనివాళ్లు వచ్చినా ఇస్తారు. ముసలామె ఆ మంచాన్నే తన ఇల్లనుకుని మర్యాద చేస్తోంది కాబోలనుకుని నవ్వొచ్చింది. ఆమె వదల్లేదు. మళ్లీ అడిగింది. నాకోసమని అడుగుతుంటే సరోజ మాత్రం ఏమంటుంది? ఆయా చేత తెప్పించింది. నేను ఒక గుక్క తాగి గ్లాసు మంచం పక్కన స్టూలు మీద పెట్టాను. పెట్టీ పెట్టకముందే సుంకమ్మ దాన్ని రెండు చేతులా పట్టుకుంది. గటగటా తాగుతోంది. నీళ్లు గడ్డం మీదుగా మెడలోకి కారుతున్నాయి.

సరోజ గబుక్కున గ్లాసు లాక్కుంది. "ఏమవ్వా ఇది! ఈ పొద్దప్పుడు తాగితే రాత్రికి దుప్పట్లు ఎవరు మార్సల్ల?"

అనేసి నాలుక కరుచుకుంది. గ్లాసులో ఇంకా సగం నీళ్లున్నాయి. సుంకమ్మ సరోజ వైపు చూడలేదు. నా వైపు చూసింది. అప్పుడు కనిపించాయి నాకు ఆమె పెదవులు, పొట్టు లేచి, పగిలి. చేతి మీద చర్మం పట్టి వదిలాను. మడత మడతగానే నిలబడిపోయింది. ఒంట్లో నీళ్లు లేని మనిషి చర్మం అట్లా ఉంటుందని కొత్తగా చేరిన నర్సుకైనా తెలుసు. దుప్పట్లు ఎందుకు తడవడం లేదో అర్థమైంది. మధ్యాహ్నం దాటితే వాళ్లకు నీళ్లు ఇవ్వడం లేదు.

నేనేం చేశానో తెలుసా? "దుప్పటి ఎంత తెల్లగుండాదవ్వా నీది" అన్నాను. అని నవ్వాను.

ఎందుకట్లా చేశాను? ఆశ్రమం మూతపడితే వాళ్లంతా రోడ్డున పడతారని జాలిపడ్డాననుకున్నాను చాలాకాలం. వినడానికి బాగుంది కదా? కాదు. అందరి ముందూ అంతగా మెచ్చుకున్న నోటితో, నేను పొరబడ్డానని చెప్పలేకపోయాను. నా ముక్కుకున్న పేరు పోతుందని భయపడ్డాను. అంతే. ఒక మనిషి దాహం కంటే నా ముక్కు నాకు ఎక్కువైంది. సంస్థవాళ్లకు కూడా అంతా బాగుందనే చెప్పాను.

ఆ వారంలోనే సుంకమ్మ కూతురు లక్ష్మి ఆదోనిలో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. ఊళ్లో పనుల్లేవు, మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు సుగ్గికి, అదే కోతల వలసకు, పోతోంది. వాళ్లమ్మను వదిలి అంతదూరం పోవాలంటే కాళ్లాడటం లేదట. బాగా చూసుకుంటున్నారా అని అడిగింది. పసిబిడ్డను చూసినట్టు చూస్తున్నారని చెప్పాను. ఆ అబద్ధం చెప్పకుండా ఉండే దారి అప్పటికి కూడా ఉంది. నా మాట నమ్మి లారీ ఎక్కింది.

సుగ్గి నుంచి ఆమె తిరిగి రాకముందే సుంకమ్మ పోయింది. జ్వరం, ఉచ్చ కట్టుకుపోయిందని ఆశ్రమంవాళ్లు చెప్పారు. నీళ్లు తాగి ఉంటే బతికేదా? ఖాయంగా చెప్పలేను. బతికేది కాదని కూడా చెప్పలేను. లక్ష్మి మళ్లీ మా ఇంటికి వచ్చింది, దండం పెట్టడానికి. తల్లి దుప్పటి మడత కూడా నలగకుండా పోయిందట, అంత బాగా చూసుకున్నారట. నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది. ఛీ, ఆ కన్నీళ్లు నా చేతుల మీంచి కడుక్కుంటే పోతాయా!

తర్వాత సరోజ దగ్గరికి వెళ్లి, నన్ను నేను తిట్టుకోవలసిన తిట్లన్నీ ఆమెను తిట్టాను. అంతా విని, "ఆ పొద్దు నువ్వు ఒక్క మాటంటే ఇచ్చేదాన్నే గదక్కా" అంది. అప్పటి నుంచి అక్కడ నీళ్లిస్తున్నారు. నేను కూడా ఏ ఆశ్రమానికెళ్లినా తడిసిన దుప్పట్లు ఎక్కడ ఉతుకుతారో చూపించమనేదాన్ని. తడి దుప్పట్లే లేని చోట నోరు చేసుకునేదాన్ని. అబ్బో, ఎంత తెలివైన పద్ధతో అని దానికీ మెచ్చుకున్నారు! ఎవరి పుణ్యాన నేర్చుకున్నానో ఎవరికీ చెప్పలేదు.

మొన్న చెప్పాను. గోనెగండ్లలో లక్ష్మి ఇంటి అరుగు మీద కూర్చుని, గ్లాసు దగ్గర మొదలుపెట్టి, నా నవ్వుతో సహా మొత్తం చెప్పాను. ఆమె తల వంచుకుని విన్నది.

"ఊరంతా సెప్పుకుంటి గద సిస్టరమ్మా, మా యమ్మ మారాణి మాదిరి పోయిందని."

అంతే అంది. తిట్టలేదు. లేచి లోపలికి పోయింది. నేను అక్కడే కూర్చున్నాను. ఎండలో నడిచి వెళ్లినదాన్ని, నాలుక పిడచకట్టుకుపోతోంది. గుమ్మం లోపల నీళ్ల బిందె, దాని మూత మీద చెంబు కనిపిస్తూనే ఉన్నాయి. లక్ష్మి వాటి పక్క నుంచే అటూ ఇటూ తిరిగింది. నాకు నీళ్లియ్యలేదు. ఈ సీమలో పుట్టి పెరిగిన నాకు ఒక ఇంట్లో నీళ్లు పుట్టకపోవడం అదే మొదటిసారి. నేనూ అడగలేదు.

లేచి బస్టాండు వైపు నడిచాను. విచిత్రం, కాళ్లు తేలికగా పడుతున్నాయి. దండాలు పెట్టించుకున్నన్నాళ్లూ లేని నెమ్మది, నీళ్లు ఇవ్వని ఆ గుమ్మం దగ్గర దొరికింది. ఆమె క్షమించలేదు. క్షమించమని అడగడానికి నేను వెళ్లలేదు. నేనేం చేశానో తెలిసి, దానికి తగినట్టు నన్ను చూసే మనిషి ఇప్పుడు ఒకరున్నారు. చాలు.

ఇంటిదాకా దాహంతోనే వచ్చానని చెబితే మీకు బాగుండేదేమో. అట్లా చేయలేదు. బస్టాండు దగ్గర చలివేంద్రంలో గ్లాసు నిండా నీళ్లడిగి, నిలబడి మొత్తం తాగాను. ఎవరూ లాక్కోలేదు.