గొర్రెలు ఎవరి చేలో పడ్డాయి?

మా డ్రాయింగు మాస్టారు పోయారని పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో చూశాను. నమ్మలేదు. ఫోటోలో బట్టతల, కళ్ళజోడు ఆయనవే, కానీ మొహం మీద ఒక్క ముడత లేదు, వెనకాల పచ్చటి కొండలు. మా మాస్టారి వెనక కొండలేమిటి! గుడివాడ నుంచి బందరు ఫోన్ చేశాను. "నిజమేనమ్మా, నిన్న పొద్దున" అన్నారు ఆయన భార్య.

మీరు నవ్వినా సరే, ఈ అనుమానం ఆయన పెట్టిన భిక్షే.

ఎనిమిదో తరగతిలో ఓ పాత క్యాలెండరు బొమ్మ బోర్డుకి తగిలించారు. ఫ్రాన్సు రాజుల కాలం నాటి రొకోకో చిత్రానికి నకలు. చెట్టుకింద పట్టుబట్టల కుర్రాడు నిద్రపోతున్నాడు, చుట్టూ మెడలో రిబ్బన్లు కట్టిన గొర్రెలు.

"ఎలా ఉంది?" అన్నారు.

"చాలా బాగుందండీ" అన్నాను.

"అదే నా అనుమానం. ఆ గొర్రెల్ని ఎవరు కడిగారు? వాడి కాళ్ళకి బురదేదీ? సరే, వీడు పడుకున్నాడు గదా, గొర్రెలు ఎవరి చేలో పడ్డాయి?"

క్లాసంతా గొల్లుమంది. ఆయన నవ్వలేదు. చిన్నప్పుడు కోడూరు దగ్గర గేదెలు కాసేవారట. ఓ మధ్యాహ్నం గట్టుమీద కునుకు పట్టింది. లేచేసరికి గేదెలు ఎవరి చేలోనో పడి మేశాయి, ఆ రైతు వాటిని తోలుకెళ్ళి బందెలదొడ్డిలో పెట్టించాడు. "ఆ రోజు నా వీపు చూడాల్సింది. మళ్ళీ పగలు కన్ను మూస్తే ఒట్టు" అన్నారు. నిజమే, స్టాఫ్‌రూములో అందరూ బల్లమీద తల వాల్చినా ఆయన మాత్రం నిటారుగా కూర్చుని పెన్సిళ్ళు చెక్కుకునేవారు.

గడ్డివాము నీడలో నిద్రపోతున్న మా తమ్ముణ్ణి గీసి చూపించాను. "బాగా గీశావు. కాపలా ఎవరు?" అని తిరిగిచ్చేశారు. నాకు ఒళ్ళు మండింది. హాయిగా ఉన్న పిల్లల్ని చూస్తే ఈ మనిషికి కంటగింపని తేల్చేశాను. తర్వాత ఆయనమీద ఎంత గౌరవం పెరిగినా ఆ అనుమానం మాత్రం తీరలేదు.

బందరు వెళ్ళాను. మాస్టారి మంచానికి ఎదురుగా అదే క్యాలెండరు బొమ్మ!

"ఇదంటే ఆయనకి గిట్టదు కదండీ?" అన్నాను ఆయన భార్యతో.

"ఎవరు చెప్పారమ్మా? మంచాన పడ్డాక ఇదే కావాలన్నారు. ఒళ్ళో పెట్టుకుని ఏదో గీశారు కూడా. అప్పట్నుంచి మధ్యాహ్నాలు కాసేపు నిద్రపోయేవారు."

కుర్రాడి కాళ్ళకి బురద పూసుంటారనుకుని దగ్గరికెళ్ళి చూశాను. పూయలేదు. వాడు హాయిగా పడుకునే ఉన్నాడు. గొర్రెల వెనక, చేను గట్టుమీద, కొత్తగా ఓ ముసలాయన ఉన్నాడు. బట్టతల, కళ్ళజోడు, చేతిలో కర్ర. రెప్ప వెయ్యకుండా గొర్రెల్ని కాస్తున్నాడు.