ఆల్బం నిండా అమ్మమ్మ వీపే

మా అమ్మమ్మకు ఆగమన్నచోట ఆగే అలవాటు లేదు. చిన్నప్పుడే పోలియో వచ్చి చక్రాల కుర్చీలో కూర్చుంది గానీ, ఆ కుర్చీ కూడా ఆవిడ లాంటిదే దొరికింది. భోజనానికి పిలిస్తే బల్ల దాటి వంటింట్లోకి పోయి, అక్కణ్ణించి వెనక్కి వచ్చేది. ఆవిడ దెబ్బకు బల్ల కోళ్ళలో ఒకటి ఎప్పుడో నునుపు తేలింది. రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్ళి సంతకం పెట్టమంటే గడి దాటి, కాగితం దాటి, కింద పరిచిన గుడ్డ దాకా పెట్టింది. గుమాస్తా ఆ గుడ్డ కూడా మడిచి తాతయ్య చేతిలో పెట్టి, "ఇదీ జాగ్రత్త చేసుకోండి, సగం పెళ్ళి దీని మీదే ఉంది" అన్నాడట.

ఉద్యోగం టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీలో. ట్రంకు కాల్‌కు మూడు నిమిషాలు హద్దు. ఈవిడ ఏనాడూ ఎవరి మాటా మధ్యలో తుంచలేదు. సూపర్‌వైజరు చివాట్లు పెడితే, "పాపం, అత్తగారి సంగతి అప్పుడే మొదలుపెట్టిందండీ" అనేది.

తాతయ్య ఫొటోగ్రాఫరు. చక్రాల కుర్చీల పందేలు కొత్తగా మొదలైన రోజుల్లో వాటికి ఫొటోలు తీసింది ఆయనే. అమ్మమ్మ అరవై మీటర్ల పందెం వరసగా ఏడేళ్ళు గెలిచింది. పతకాలు ఏడు, ఫొటోలు ఏడు. ఏడింట్లోనూ కుర్చీ వెనకభాగం, ఎగిరే జడ. గెలిచినవాళ్ళు గీత దగ్గర ఆగి నవ్వుతారు కదా అని తాతయ్య అక్కడే కెమెరా గురిపెట్టుకుని కూర్చునేవాడు. ఆయన మీట నొక్కేసరికి జడ మాత్రం మిగిలేది.

"ముఖం చూడకుండా పెళ్ళెలా చేసుకున్నావు తాతయ్యా?" అని మేము అడిగితే, "చూద్దామనే చేసుకున్నాను" అనేవాడు.

ఆ రోజుల్లో పందేలంటే ఆసుపత్రి వెనక ఉన్న గుండ్రటి మైదానం. కాళ్ళు కదపలేనివాళ్ళ చేతులకు కాస్త వ్యాయామం ఉంటుందని మొదలుపెడితే, అది పోటీలదాకా వచ్చింది. కుర్చీలు ఆసుపత్రివే. ఒక్కొక్కటీ ఇనపబీరువాకు చక్రాలు బిగించినట్టుండేది. వాటిలో అరవై మీటర్లకు మించి పోతే గుండె తట్టుకోదని పెద్ద డాక్టరుగారి నమ్మకం. ఏ పుస్తకంలో ఉందని అడిగితే, "అందరికీ తెలిసిందే" అని కళ్ళజోడు తుడుచుకునేవాడు. అందుకే అరవై మీటర్ల దగ్గర సున్నంతో గీత గీయించి, పక్కన స్ట్రెచర్ పెట్టించి, మెడలో స్టెతస్కోపుతో తానే కాపలా ఉండేవాడు.

అమ్మమ్మ ఆ గీతనూ, స్ట్రెచర్‌నూ, డాక్టరునూ వరసగా దాటి, గేటులోంచి వీధిలోకి పోయేది. ఒక ఏడాది పోస్టాఫీసు దాకా పోయి, ఉత్తరం డబ్బాలో వేసి, అప్పుడొచ్చి పతకం తీసుకుంది.

"గీత కనబడలేదా?" అన్నాడు డాక్టరు.

"కనబడింది డాక్టరుగారూ. చక్కగా గీయించారు."

"మరి ఆగవేం?"

"నేను ఆగుదామనే అనుకుంటానండీ. ఈ బండే మాట వినదు."

గెలిచింది చాలక పొగరు చూపిస్తోందని జనం ముక్కున వేలేసుకున్నారు.

అమ్మమ్మ పక్కన పందెంలో దిగేది బట్టలు కుట్టే ఆవిడ. అందరికీ టైలరక్క. రోజంతా కుడిచేత్తో మిషను చక్రం తిప్పి తిప్పి ఆ చెయ్యి రోకలిలా తయారైంది. ఎడమ చెయ్యి గుడ్డ పట్టుకోవడానికే పనికొచ్చేది. దాంతో ఈల వేయగానే ఆవిడ కుర్చీ ఎడమకు తిరిగిపోయేది. ఒక ఏడాది జడ్జీల బల్ల కిందికి దూరింది, మరో ఏడాది తాతయ్య కెమెరాను గుద్దింది. మళ్ళీ దారిలో పడేసరికి పందెం అయిపోయేది. ఏడేళ్ళూ ఆవిడదే ఆఖరు స్థానం.

"ఈసారి ఎక్కడిదాకా పోయొచ్చావక్కా?" అనేది అమ్మమ్మ.

"మంచినీళ్ళ కుళాయి దాకా. దాహం వేయలేదు గానీ వెళ్ళాను."

నవ్వుతూనే చెప్పేది గానీ, ఏడో ఏడు పందానికి ముందు మాత్రం, "ఇదే ఆఖరు చెల్లీ. మనవాళ్ళు నన్ను చూసి నవ్వడానికే వస్తున్నారు. ఇక మిషను దగ్గరే కూర్చుంటాను" అంది. అమ్మమ్మ చక్రాలకు నూనె వేసుకుంది.

అప్పుడే డాక్టరు వచ్చాడు. "అందరిముందూ చెబుతున్నాను. ఈసారి గీత దగ్గర ఆగకుండా పోయావంటే నీ పేరు కొట్టేస్తాను. ఇక పందెమే ఉండదు నీకు."

"అలాగేనండి" అంది అమ్మమ్మ, ఎన్నడూ లేనంత వినయంగా.

ఈల మోగింది. అమ్మమ్మ గెలిచింది. గీత దాటింది. ఈసారి గేటువైపు పోలేదు. తీరిగ్గా మైదానం చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. డాక్టరు స్టెతస్కోపు ఎగరేసుకుంటూ వెంటపడ్డాడు.

"ఆగు. నీ గుండె..."

"బాగానే ఉందండీ. రండి, కబుర్లు చెప్పుకుంటూ పోదాం."

రెండో రౌండులో డాక్టరు కోటు విప్పేశాడు. మూడో రౌండులో కళ్ళజోడు ఎక్కడో పడేసుకున్నాడు. నాలుగోది పూర్తిచేసి అమ్మమ్మ వచ్చేసరికి, స్ట్రెచర్ మీద ఆయనే పడుకుని ఉన్నాడు. నర్సు ఇద్దరి నాడీ చూసి, మైదానమంతా వినబడేలా చదివింది. అమ్మమ్మది నూట పది. డాక్టరుగారిది నూట డెబ్బై.

పేరు కొట్టేయడానికి పెన్ను ఎత్తే ఓపిక కూడా ఆయనకు లేకపోయింది. "నీకేం కావాలో చెప్పమ్మా" అన్నాడు పడుకునే.

"మైదానం చుట్టూ నాలుగు రౌండ్ల పందెం పెట్టండి. ఏడేళ్ళుగా మీ కళ్ళముందే గీత దాటుతున్నాను. ఎన్నిసార్లు చచ్చిపోయాను?"

మరుసటి ఏడు పందెం పెట్టారు. ఇదీ తనే ఎగరేసుకుపోవడానికని అందరూ అనుకున్నారు. అమ్మమ్మ చెయ్యి పట్టుకుని బతిమాలితే టైలరక్క కూడా వచ్చింది.

మొదటి రౌండులో అమ్మమ్మ దుమ్ము రేపింది. రెండో రౌండుకు ఆయాసం వచ్చింది. తీరిగ్గా తిరగడం వేరు, పందెం వేరు. మూడో రౌండుకు ఒక్కొక్కరే ఆవిణ్ణి దాటిపోయారు. టైలరక్క కుర్చీ మామూలుగానే ఎడమకు తిరిగింది. కాకపోతే ఈసారి దారి కూడా ఎడమకే తిరిగింది. నాలుగు రౌండ్లూ తిరుగుతూనే ఉంది. మిగతావాళ్ళు అడుగడుగునా కుర్చీ మళ్ళించుకోలేక అవస్థ పడుతుంటే, ఆవిడ కండెకు దారం చుట్టినట్టు మైదానాన్ని చుట్టేసింది. అలుపన్నది లేదు. ఆ చెయ్యి పొద్దుగూకేదాకా తిరగడానికి అలవాటుపడింది మరి. అర రౌండు తేడాతో గీత దాటి, అటూ ఇటూ బిత్తరచూపులు చూసింది.

"ఇప్పుడెక్కడికి పోవాలి?"

"ఎక్కడికీ వద్దమ్మా" అన్నాడు డాక్టరు. "గెలిచావు."

మైదానమంతా లేచి ఈలలు వేసింది. లేవలేనివాళ్ళు కుర్చీల చేతులు వాయించారు.

అందరికంటే ఆఖరున అమ్మమ్మ వచ్చింది. డాక్టరు నోరెళ్ళబెట్టాడు. "నువ్వు గెలవలేని పందెం కోసమా నా ప్రాణం తీశావు?"

"నాది నాకుందిగా డాక్టరుగారూ, అరవై మీటర్లది" అంది అమ్మమ్మ రొప్పుతూ. "ఎడమకు తిరిగే బండికి ఎడమకు తిరిగే దారి ఒకటి ఉండొద్దూ?"

ఆ క్షణాన ఆవిడ కుర్చీ సరిగ్గా గీత మీద ఆగి ఉంది. టైలరక్క చుట్టూ జనం మూగారు, దాటడానికి దారి లేదు. ఎనిమిదేళ్ళుగా కాపు కాసిన తాతయ్య మీట నొక్కాడు.

పందేల ఆల్బంలో అమ్మమ్మ ముఖం కనబడేది ఆ ఒక్క ఫొటోలోనే. చెమటకు జుట్టు నుదుటికి అతుక్కుపోయి, నోరంతా నవ్వు. ఇంటికి వచ్చినవాళ్ళు దాన్ని చూసి, "ఇది గెలిచినప్పటిదా?" అని అడుగుతారు. "అవును" అంటాడు తాతయ్య, ప్రతిసారీ. కాదు, ఆఖరున వచ్చినప్పటిదని సరిదిద్దడానికి అమ్మమ్మ గదిలోంచి కుర్చీ తోసుకుంటూ వస్తుంది. వచ్చి, మమ్మల్నీ, వచ్చినవాళ్ళనూ దాటి, వరండాలోకి పోతుంది.